రింగు ఎంత దూరం నుంచి వెయ్యాలి?

“మా ఇంటా వంటా బేరం లేదు సార్. మాకెట్లా వస్తుంది?”

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో సొంత వ్యాపారం మాట ఎత్తినా మొదట వినపడేది ఈ ప్రశ్నే. అడిగేది డిగ్రీ అయిపోయి రెండేళ్లుగా పోటీ పరీక్షలు రాస్తున్న కుర్రాడు కావచ్చు, డ్వాక్రా సంఘంలో పదేళ్లుగా నెలనెలా పొదుపు కడుతున్న అక్క కావచ్చు. ఆ ప్రశ్న వెనక ఒక నమ్మకం గట్టిగా పాతుకుని ఉంటుంది. బేరం చెయ్యాలంటే ఆ కులంలో పుట్టాలి, లేదంటే తాత ముత్తాతలు దుకాణం పెట్టి ఉండాలి, అదీ కాకపోతే చేతిలో లక్షలుండాలి. ఈ నమ్మకం తప్పని ఊరడింపుకోసం అనడం లేదు. అరవై ఏళ్ల కిందట మన తెలుగు నేల మీదే దాన్ని పరీక్షకు పెట్టి చూశారు.

1964లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ ఆ పరీక్షకు ఎంచుకున్న ఊరు కాకినాడ. హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమల శిక్షణకోసం అప్పటికే సియెట్ అనే సంస్థ ఉంది. ఇప్పుడు దాన్నే ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈ అంటున్నారు. కాకినాడలో చిన్నా చితకా వ్యాపారాలు చేసుకుంటున్నవాళ్లను జట్లు జట్లుగా ఆ సంస్థకు పిలిపించి, సుమారు పది రోజులు కూర్చోబెట్టారు. యంత్రాల గురించి చెప్పలేదు, అప్పులివ్వలేదు. ఒక పని తలపెట్టినప్పుడు మనిషి మనసులో ఏం జరుగుతుంది, గురి ఎక్కడ పెట్టుకోవాలి, గురి తప్పితే కారణం ఎక్కడ వెతకాలి అన్నవి ఆటలతో, కథలతో, చర్చలతో సాధన చేయించారు. పక్కనే ఉన్న రాజమండ్రిలో శిక్షణ అందనివాళ్లను పోలికకు పెట్టుకున్నారు. రెండేళ్ల తర్వాత వెళ్లి చూస్తే, శిక్షణ పొందినవాళ్లలో కొత్త పని మొదలుపెట్టినవాళ్లు, పెట్టుబడి పెంచినవాళ్లు, మరో నలుగురికి పనిచ్చినవాళ్లు స్పష్టంగా ఎక్కువ కనిపించారు. ఈ వివరాలతో మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో పుస్తకం వెలువరించారు.

ఆ పరిశోధనలో తేలిన ఇంకో మాట మన పల్లెల్లో గోడల మీద రాసిపెట్టుకోదగ్గది. పాత ఆచారాలను గట్టిగా నమ్మేవాళ్లు కూడా మిగతావాళ్లలాగే ముందుకు కదిలారు. బొట్టు, మడి, పూజ వ్యాపారానికి అడ్డం రాలేదు.

ఇక ఆట సంగతి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వెళ్లినవాళ్లకు జాతర కొట్లలో ఉండే రింగులాట కొత్త కాదు. గీత అవతల నిలబడి, వరసగా పెట్టిన సబ్బుల మీదకో సీసాల మీదకో రింగు విసరాలి. దేనికి పడితే అది మనది. మెక్లెలాండ్ వాడిన పరీక్షల్లో ఒకటి దాదాపు ఇదే. ఒక కొయ్య పాతి, చేతికి కొన్ని రింగులిచ్చి, “ఎక్కడ నిలబడి వెయ్యాలో మీ ఇష్టం” అంటారు. జాతర కొట్టువాడిలాగా గీత గీయరు. పరీక్షంతా అక్కడే ఉంది.

కొందరు కొయ్య పక్కకే వెళ్లి నిలబడతారు. ప్రతి రింగూ పడుతుంది, నేర్చుకున్నది మాత్రం ఏమీ ఉండదు. కొందరు ఎక్కడో గోడదాకా వెనక్కి వెళ్లి విసురుతారు. పడితే అదృష్టం, పడకపోతే “అంత దూరం నుంచి ఎవరికి పడుతుందిలే” అనుకోవచ్చు. వీళ్లూ ఏమీ నేర్చుకోరు. మూడో రకం మనుషులు మధ్యలో నిలబడతారు. కొన్ని పడతాయి, కొన్ని పడవు. పడనప్పుడు చెయ్యి ఎత్తు సరిచేసుకుంటారు, ఒక అడుగు ముందుకు జరుగుతారు, నాలుగు వరసగా పడ్డాయంటే ఒక అడుగు వెనక్కి వెళతారు. పని సాధించాలన్న తపన ఎక్కువున్నవాళ్లు ఇట్లా మధ్యదూరం ఎంచుకుంటారని మెక్లెలాండ్ గమనించాడు. ఆ మధ్యదూరం పట్టుకోవడం నేర్పితే వస్తుందన్నది కాకినాడ పాఠం.

మన పక్క జరిగే తప్పులన్నీ ఈ ఆటలో కనిపిస్తాయి. పక్కింటివాళ్లు జిరాక్స్ షాపు పెట్టారని నాలుగిళ్లు దాటి ఇంకో జిరాక్స్ షాపు పెట్టడం కొయ్య పక్కన నిలబడటం. ఇరవై ఏళ్లు ఉద్యోగం చేసి, ఒక్కరోజు కూడా వంటింట్లో గరిటె పట్టనివాడు ఎకరా అమ్మి బైపాస్ రోడ్డు మీద హోటల్ కట్టడం గోడదాకా వెళ్లి విసరడం. రెండోదాన్ని మనవాళ్లు ధైర్యం అంటారు. నా లెక్కలో అది ధైర్యం కాదు. ఆ ఒక్క రింగు పడకపోతే ఇంట్లో అమ్మాయి చదువు ఆగిపోతుంది.

మన ప్రాంతంలో వ్యాపార పాఠం చెప్పేవాళ్లందరూ గల్లా రామచంద్ర నాయుడు గారి పేరు తీస్తారు. చిత్తూరు జిల్లా పేటమిట్టలో రైతు ఇంట పుట్టి, రూర్కీలోనూ అమెరికాలోనూ ఇంజినీరింగ్ పైచదువులు చదివి, అమెరికాలోనే ఏళ్ల తరబడి ఇంజినీరుగా పనిచేసి, తిరిగొచ్చి 1985లో అమరరాజా సంస్థను స్థాపించారు. ఫ్యాక్టరీ తిరుపతి పక్కన కరకంబాడిలో. “అమెరికా ఉద్యోగం వదిలేసి వచ్చి రాళ్లగుట్టల మధ్య ఫ్యాక్టరీ పెట్టాడు చూడు, అదీ తెగువంటే” అని చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది కానీ ఆ కథను అట్లా చెబితే వినేవాడికి పనికొచ్చేది పోతుంది. నేనైతే దాన్ని రింగులాటలాగా చదవమంటాను.

ఆయన చేతిలో ఉన్న విద్య విద్యుత్తుకు సంబంధించినది. మొదట తయారుచేసింది కూడా విద్యుత్ పరికరాలే. కరెంటు పోయినప్పుడు నడిచే యూపీఎస్‌లాంటివి. వాటికి బ్యాటరీలు కావాలి కాబట్టి తర్వాతి అడుగు బ్యాటరీలు. అవి కూడా దుకాణాల్లో అమ్మేవి కావు. టెలిఫోన్ కేంద్రాలకు, రైల్వేలకు కావలసినవి, ఎప్పటికప్పుడు నీళ్లు పోసే పనిలేనివి. ఆ పని చేతికొచ్చాక, 1997లో అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్‌ను భాగస్వామిగా చేర్చుకున్నారు. కారుకు, లారీకి పెట్టుకునే అమరాన్ బ్యాటరీ బజారులోకి వచ్చింది 2000లో. అంటే మనందరికీ తెలిసిన ఆ పచ్చరంగు డబ్బా రావడానికి సంస్థ పుట్టాక పదిహేనేళ్లు పట్టింది. ప్రతిసారీ ముందు అడుగులో నేర్చుకున్నదాని మీద నిలబడి, ఒక్క అడుగు మాత్రమే వెనక్కి జరిగి రింగు వేశారు. 2019లో ఆ విదేశీ భాగస్వామ్యం ముగిసినా సంస్థ తన కాళ్ల మీద నిలబడగలిగింది.

కాబట్టి ఆయన కథ విన్నప్పుడు “అంత తెగువ నాకెక్కడిది” అని అడక్కండి. “నా చేతిలో ఉన్న విద్య ఏది, దానికి ఒక్క అడుగు దూరంలో ఏముంది” అని అడగండి. టమోటా మండీలో పదేళ్లు గంపలెత్తినవాడికి ఏ కాయ ఎన్ని రోజులు నిలవుంటుందో చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. చిన్న చిన్న హోటళ్లకు రోజూ తెల్లారేసరికి కాయ ఏరి పంపే పని అతనికి ఒక్క అడుగు దూరం. సాస్ ఫ్యాక్టరీ పది అడుగులు.

మామిడి విషయంలో ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2025లో తోతాపురి రైతు పడ్డ బాధ మన కళ్ల ముందు జరిగింది. అంతకుముందు ఏడాది గుజ్జు ఇంకా అమ్ముడుపోక నిల్వలు మిగిలాయి, ఫ్యాక్టరీల ముందు కాయ ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. రైతుకు కిలోకు 12 రూపాయలు అందాలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించారు. ఆ రోజుల్లో చదువుకున్న కుర్రాళ్లకు సహజంగానే ఒక ఆలోచన వచ్చి ఉంటుంది. మనమే గుజ్జు ఫ్యాక్టరీ పెడితే పోలా? ఆలోచన వెనక ఉన్న కోపం నాకు అర్థమవుతుంది. కానీ గుజ్జు ఫ్యాక్టరీ అంటే కోట్ల పెట్టుబడి, ఏడాదిలో రెండు మూడు నెలలే కాయ, విదేశీ కొనుగోలుదారు, గోడౌన్లో నెలలకొద్దీ నిల్వ. కాకలు తీరిన యజమానులే ఆ ఏడాది సరుకు కదలక ఇబ్బంది పడ్డారు. కొత్తవాడికి అది గోడదాకా వెళ్లి విసిరే రింగు.

అదే మామిడిలో మధ్యదూరం కూడా ఉంది. చిత్తూరు ఒక పక్క చెన్నైకి, ఇంకో పక్క బెంగళూరుకు మధ్యలో కూర్చున్న ఊరు. వేలూరు గంట ప్రయాణం. మీ తోటలోనో మీ మామ తోటలోనో బేనీషా చెట్లు పదుంటే, కాయ ఏరి, గడ్డిలో మాగబెట్టి, పెట్టెల్లో సర్ది, బెంగళూరులో మీకు తెలిసిన ఒక్క అపార్ట్‌మెంటుకు ఒక్క సీజను పంపి చూడండి. ఎన్ని పెట్టెలు పోయాయి, ఎన్ని కాయలు దారిలో నలిగాయి, ఎవరు రెండోసారి అడిగారు అన్నది జూలై నాటికి మీకు తెలిసిపోతుంది. పచ్చి తోతాపురిని ముక్కలు కోసి, ఉప్పు పట్టించి, ఒరుగులుగా ఎండబెట్టి పది ఇళ్లకు అమ్మి చూడటానికి ఒక మిద్దె, రెండు బొంతలు చాలు. ఇట్లాంటి చిన్న ప్రయత్నాన్ని ‘ఇదీ ఒక వ్యాపారమేనా’ అని తీసిపారేసేవాళ్లుంటారు. వాళ్ల మాట ఒక సీజను పాటు చెవిన పెట్టొద్దు.

ఇప్పుడు నోటుబుక్కు తియ్యండి. ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే.

ఒక అక్క ఇంట్లో నిప్పట్లు చేసి అమ్ముతోందనుకుందాం. అంకెలు ఊహించినవి, మీవి మీరు వేసుకోవాలి. అయిదు కిలోల నిప్పట్లకు బియ్యప్పిండి, పప్పులు, చెనిక్కాయల విత్తనాలు, నూనె, గ్యాసు, కవర్లు కలిపి 800 రూపాయలయ్యాయి. కిలో 240కి అమ్మింది. 1200 వచ్చాయి. “400 మిగిలింది” అని సంతోషంగా చెబుతుంది. అడగాల్సింది అప్పుడే. అక్కా, ఎన్ని గంటలు పట్టింది? పిండి కలపడం, తట్టడం, కాల్చడం, ప్యాకెట్లు కట్టడం, అన్నీ కలిపి ఆరు గంటలు. ఇంకొకరింట్లో పనిచేస్తే గంటకు 60 వచ్చేదనుకుంటే అది 360. కొట్టుకు తీసుకెళ్లిన ఆటోకు 60. మొత్తం ఖర్చు 1220. వచ్చింది 1200. ఇరవై రూపాయలు నష్టం.

ఈ లెక్క చూపిస్తే చాలామంది ముఖం వాడిపోతుంది. “నా కష్టానికి కూలి ఏంది సార్, ఇంట్లో పనే కదా” అంటారు. ఆ మాట దగ్గరే ఇంటి వ్యాపారాలు చచ్చిపోతున్నాయి. తన కూలి లెక్కలో లేని వ్యాపారం పెరగలేదు, ఎందుకంటే రేపు గిరాకీ వచ్చి ఒక మనిషిని పనికి పెట్టుకుంటే ఆ మనిషికి కూలి ఇవ్వాల్సిందే. అప్పుడు తెలుస్తుంది మొదటినుంచీ నష్టానికే అమ్ముతున్నామని.

అయితే పని మానుకోవాలా? లేదు, సరిచెయ్యాలి. ఆరు గంటల్లో ఎక్కువ భాగం దేనికి పోయిందో చూడమనండి. చేత్తో ఒక్కొక్కటే తట్టడానికి. ఒత్తే చిన్న యంత్రం కొని, ఆటో ఒక్కటే కాబట్టి ఒకేసారి పది కిలోలు చేసిందనుకుందాం. ఏడు గంటలు పట్టింది. సరుకుకు 1600, కూలి 420, ఆటో 60, మొత్తం 2080. అమ్మకం 2400. ఇప్పుడు 320 నిజంగా మిగిలింది, పైగా ఆమె కూలి 420 విడిగా ఆమె చేతిలో ఉంది. వంట మారలేదు, ధర మారలేదు, గంటలు లెక్కపెట్టాక పని చేసే తీరు మారింది. (యంత్రం ఖరీదు కూడా నెలనెలా కొంత తీసి పక్కన పెట్టాలి, మరిచిపోవద్దు.)

అమ్మకం గురించి తిరుపతివాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. రోజూ అరవై డెబ్బై వేలమంది భక్తులు మన గడప తొక్కే ఊరు ఇది. ఇంత గిరాకీ నడిచి వచ్చే ఊళ్లు దేశంలో ఎన్నో లేవు. అదే మనల్ని చెడగొడుతోంది కూడా. “ఒకసారి వచ్చి పోయేవాడే కదా” అన్న లెక్కతో నాసిరకం సరుకు అంటగట్టే అలవాటు కొత్తవాళ్లకు త్వరగా అంటుకుంటుంది. మీరు ఆ దారి పట్టొద్దని వేడుకుంటున్నాను. మొదటి ఆరు నెలలు ఊళ్లోవాళ్లకే అమ్మండి. బాగాలేకపోతే మర్నాడు మీ మొహం మీదే చెప్పేది వాళ్లే. ఆ మాటలు రాసుకోండి. భక్తుడు మళ్లీ వచ్చి చెప్పడు.

కొట్లకు సరుకు వేసేటప్పుడు “అమ్ముడుపోయాక డబ్బులిస్తా” అంటారు. ఒప్పుకోవచ్చు, కానీ ఒక్క కొట్టుకు, ఒక్క వారానికి, పది ప్యాకెట్లకు మించి కాదు. పాత బాకీ తీరనిదే కొత్త సరుకు దిగకూడదు. మొహమాటం మన పక్క ఎక్కువ. అన్న వరసో బావ వరసో కలిసిందంటే డబ్బు అడగలేం. అందుకే బాకీ సంగతి మొదటిరోజే మాట్లాడుకోవాలి, ఆఖరిరోజు కాదు.

నేర్పేవాళ్లెవరన్నది తర్వాతి ప్రశ్న. కర్ణాటకలో ఉజిరె అనే ఊళ్లో 1982లో ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే గారు, సిండికేట్, కెనరా బ్యాంకులు కలిసి రుడ్‌సెట్ అనే శిక్షణాలయం మొదలుపెట్టారు. నిరుద్యోగ యువతకు ఉచితంగా తిండి, వసతి ఇచ్చి, కొద్ది వారాల్లో ఒక పని నేర్పి పంపడం, పంపాక వదిలెయ్యకుండా వెంటపడి కనుక్కోవడం దాని పద్ధతి. ఆ నమూనానే తర్వాత దేశంలో జిల్లా జిల్లాకూ విస్తరించింది. మన చంద్రగిరిలో యూనియన్ బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఆ కొమ్మే. శిక్షణ తర్వాత రెండేళ్లపాటు వెంట ఉండి చూడాలన్నది ఈ సంస్థల నియమం. కుట్టుమిషన్ నేర్చుకుని సర్టిఫికెట్ బీరువాలో పెట్టేవాళ్లు ఆ రెండేళ్ల సంగతి మరిచిపోతారు. మీరు మరవకండి. అడ్డంకి వచ్చిన రోజు వెళ్లి అడగండి. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ కొత్త సంస్థలకు ఊతమిచ్చే కేంద్రం ఉంది. 2025 ఆగస్టులో ప్రారంభమైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు తిరుపతిలోనూ ఒక శాఖ ఉంది.

పాఠశాల ఒక విద్యను ఎట్లా బతికించగలదో చూడాలంటే శ్రీకాళహస్తికి వెళ్లండి. కనుమరుగయ్యే దశకు చేరిన కలంకారీకి 1950ల్లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టి కొత్తతరానికి నేర్పారు. కరక్కాయ, బర్రెపాలలో బట్టను నానబెట్టడం, బెల్లం, ఇనుపముక్కలు ఊరబెట్టి నల్లరంగు తియ్యడం, కలం పట్టడం. అక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. గీత, రంగు నేర్పినంత శ్రద్ధగా ధర కట్టడం, రసీదు రాయడం, కొనేవాడితో నేరుగా మాట్లాడటం కూడా మన చేతిపనివాళ్లకు నేర్పాలని నా కోరిక. నెలరోజులు కూర్చుని వేసిన బట్టకు వెల చెప్పేది వేసినవాడే అయ్యుండాలి.

అప్పు, సబ్సిడీల గురించి క్లుప్తంగా. చిన్న ఆహార యూనిట్లకు కేంద్రం పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద పెట్టుబడిలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలదాకా సబ్సిడీ ప్రకటించింది. పీఎంఈజీపీ ఇంకొకటి. రెండింటిలోనూ ఆ సొమ్ము మీ చేతికి నోట్లుగా రాదు. బ్యాంకులో మీ పేర విడిగా ఉండి, మూడేళ్లు యూనిట్ నడిచాక అప్పుకు జమవుతుంది. ముందు మీ వాటా మీరు పెట్టాలి, నెలనెలా కంతు కట్టాలి. సబ్సిడీ వస్తుందని వ్యాపారం పెట్టినవాడు కంతు దగ్గర చతికిలపడతాడు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, దానికి ఎవరికీ పైసా ఇవ్వకండి. నోటుబుక్కులో ఆరు నెలల లెక్క ఉన్నవాళ్లు బ్యాంకు మేనేజరు ముందు కూర్చున్నప్పుడు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

కాకినాడ దగ్గరకు ఒకసారి తిరిగి వెళ్దాం, ఎందుకంటే అక్కడ తేలిన ఇంకో సంగతి చెప్పకుండా ఈ అధ్యాయం ముగించలేను. శిక్షణ ఫలం బాగా కనిపించింది తమ వ్యాపారంలో నిర్ణయం తమ చేతిలో ఉన్నవాళ్లలోనే. ఎంత నేర్చుకున్నా, ఇంటికొచ్చి ఇంకొకరి మాటకు తలూపాల్సినవాళ్లకు ఆ నేర్పు అక్కరకు రాలేదు. ఇది చదువుతున్న మగవాళ్లకు ఒక విన్నపం. మీ ఇంట్లో ఆమె నిప్పట్ల డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? ధర పెంచాలా వద్దా అన్నది ఎవరు తేలుస్తున్నారు? ఆమె పేర సంఘంలో అప్పు తెచ్చి మీ బండికి కంతు కడుతుంటే, ఏ శిక్షణా ఆమెకు పనిచెయ్యదు. ఆ ఖాతా, ఆ నోటుబుక్కు ఆమె చేతికివ్వండి.

వచ్చే ఆదివారంలోపు ఒక్క సరుకు ఎంచుకోండి. మీకు చేతనైనదే, ఇంకొకరిని చూసి ఎంచుకున్నది కాదు. పోయినా ఇల్లు కదలనంత డబ్బే పెట్టండి. పదిమందికి డబ్బు తీసుకునే అమ్మండి, ఊరకే రుచి చూపించొద్దు. సరుకు ఖర్చు, గంటలు, ఆటో, వచ్చిన డబ్బు, వద్దన్నవాళ్లు చెప్పిన కారణం, ఈ అయిదూ రాసుకోండి. తర్వాతి అధ్యాయం తెరిచేటప్పుడు ఆ పుటలు మీ పక్కన ఉండాలి. అందులోని ప్రతి లెక్కా మీ అంకెలతోనే వెయ్యబోతున్నాం.